పెక్స్, ట్రెక్స్, టేపు ముక్కలు

పోయిన నెల ఒక ప్రసంగం రికార్డింగుకి రమ్మంటే సైఫాబాద్‌లోని ఆకాశవాణికి వెళ్లాను. అటువైపు వెళ్లక చాలా ఏళ్లయింది. రవీంద్రభారతి దగ్గర ఆటో దిగి, మెట్రో పిల్లర్ల కిందుగా రోడ్డు దాటేసరికే ప్రాణం పోయినంత పనైంది. లోపల కారిడార్ చివర స్టూడియో తలుపు తోశాను. అదే బరువు. నా వెనకాల అది మూసుకోగానే హారన్లు, ఆటోలు, అసెంబ్లీ ముందు పోలీసు విజిళ్లు అన్నీ టక్కున ఆగిపోయాయి. అప్పుడొచ్చింది ఆ వాసన. పాత కార్పెట్టు, గోడలకి బిగించిన చిల్లుల పలకలు, ఏసీ చలి, ఎవరో ఎప్పుడో తాగిన టీ, అన్నీ కలిసి నానిన వాసన.

బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య ఇద్దరు నిలబడేంత జాగా ఉంటుంది. దాన్ని సౌండ్ లాక్ అంటారు. బయటి చప్పుడు లోపలికి పోకుండా ఒక తలుపు మూశాకే రెండోది తియ్యాలి. ఆ మాట గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాను. నాతో వచ్చిన కుర్రాడు "ఏమైంది మేడమ్, ఏసీ ఎక్కువైందా?" అన్నాడు.

లోపల అన్నీ మారాయి. గాజు అవతల కంప్యూటరు తెర, ఎలుక పట్టుకుని ఒక అబ్బాయి. టేపు చక్రాలు తిరిగే స్పూల్ మెషిన్లు లేవు. నేను మైకు ముందు కూర్చోగానే మాత్రం ఆ అబ్బాయి బటన్ నొక్కి, "మేడమ్, లెవెల్ ఇవ్వండి" అన్నాడు.

లెవెల్ ఇవ్వడం అంటే అసలు రికార్డింగుకి ముందు ఏదో ఒకటి మామూలు గొంతుతో మాట్లాడటం. గొంతు ఎంత వస్తోందో చూసుకుని అవతలి వాళ్లు సరిచేసుకుంటారు. మా రోజుల్లో అందరూ పొద్దున తిన్న టిఫిన్ గురించి చెప్పేవాళ్లు. ఆ గాజు వెనక కూర్చున్న ఇంజినీర్లకి ఊళ్లో ఏ కవిగారింట్లో ఏం చట్నీ చేస్తారో తెలిసుండేది. నేనూ అలవాటుగా "ఉప్మా, అల్లం పచ్చడి" అన్నాను. ఆ అబ్బాయి నవ్వలేదు. చెయ్యి పైకెత్తి బొటనవేలు చూపించాడు, అంతే.

*

ఉస్మానియాలో జర్నలిజం చదువుతున్న రోజులు. కోర్సులో భాగంగా ఎక్కడో ఒకచోట పని నేర్చుకుని సర్టిఫికెట్ తేవాలి. క్లాసులో మగపిల్లలంతా పేపరాఫీసుల వైపు పరుగెత్తారు. రాత్రి డ్యూటీలు కుదరవని మా నాన్న భువనగిరి నుంచే తేల్చి చెప్పేశారు కాబట్టి నాకు రేడియో మిగిలింది. చింతల్‌బస్తీలో మా మేనత్త ఇల్లుంది, అక్కణ్నుంచి సైఫాబాద్ నడిచే దూరం. హాస్టల్ గది తాళం వేసి అత్తమ్మ ఇంటికి మారిపోయాను.

అప్పట్లో ఇంటర్న్ అనే మాట అక్కడ ఎవరి నోటా వినలేదు. "యూనివర్సిటీ అమ్మాయి వచ్చింది" అనేవాళ్లు. నన్ను మొదట కూర్చోబెట్టింది డ్యూటీ రూమ్‌లో. పెద్ద టేబులు, రెండు ఫోన్లు, అట్ట పెట్టిన లాగ్ బుక్కు, గోడ మీద సెకన్ల ముల్లు పెద్దదిగా ఉన్న గడియారం, మూలన ఎప్పుడూ మోగుతుండే స్పీకరు. ఆ స్పీకర్లో వచ్చేదే ఆ క్షణాన రాష్ట్రంలో సగం మంది వింటున్నది. చెప్పుకోడానికి బాగానే ఉంటుంది కానీ, నాకు ఆ రోజు వినపడినవి వేరే.

"ఈవెనింగ్ ట్రెక్స్ ఎవరండీ?"

"పెక్స్ గారు ఓబీకి పోయారు, రేపొస్తారు."

"నైరంగ్ డబ్ అయిందా? లీడర్ వేశారా?"

"యువవాణి క్యూ షీట్ ఇంకా రాలేదు. ఎఫ్‌పీసీలో చూడండి, హుకప్ ఉందేమో."

వీటిలో నాకు అర్థమైనవి 'ఎవరండీ', 'పోయారు', 'రాలేదు'. మిగతావన్నీ నోట్‌బుక్కు వెనక పేజీలో వినపడింది వినపడినట్టు రాసుకున్నాను. పెక్స్, ట్రెక్స్ పక్కపక్కన రాసి, ఇవి మనుషులా మెషిన్లా అని ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

మనుషులే. ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్ పెక్స్, ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్ ట్రెక్స్. కార్యక్రమాలు తయారు చేయించేది పెక్స్, తయారైనవి వేళకి గాల్లోకి వెళ్లేలా చూసేది ట్రెక్స్. డ్యూటీలో ఉన్న ట్రెక్స్‌నే డ్యూటీ ఆఫీసర్ అంటారు. ఓబీ అంటే స్టూడియో దాటి బయట చేసే రికార్డింగు. నైరంగ్ ఉర్దూ కార్యక్రమం, యువవాణి కుర్రకారు కార్యక్రమం. ఎఫ్‌పీసీ అంటే ఏ రోజు ఏ నిమిషానికి ఏ కార్యక్రమమో ఖాయంగా రాసిపెట్టిన పట్టిక, ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్. ఇవన్నీ నాకు విడమరిచి చెప్పింది ఒక డ్యూటీ ఆఫీసరు గారు. కాగితం తీసి బొమ్మ గీసి మరీ చెప్పారు. డబ్బింగ్ అన్నప్పుడు మాత్రం నేనే ఉత్సాహంగా "సినిమాల్లో లాగా గొంతు మార్చడమా సార్?" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, "అమ్మా, మన దగ్గర డబ్బింగ్ అంటే ఒక టేపులోంచి ఇంకో టేపులోకి ఎక్కించడం. గొంతులు మార్చేది ఫిల్మ్‌నగర్‌లో" అన్నారు.

సాయంత్రం అత్తమ్మ బియ్యంలో రాళ్లేరుతూ అడిగేది, "ఇయ్యాల ఏం నేర్సుకున్నవే?" అని. నేను నోట్‌బుక్కు తీసి పాఠం అప్పజెప్పినట్టు చెప్పేదాన్ని. ఆమె పెద్దగా చదువుకోలేదు కానీ రేడియో జీవితం ఆమెది. వంటింటి గూట్లో తోలు తొడుగేసిన ట్రాన్సిస్టరు, దాని ముల్లు ఎప్పుడూ 738 కిలోహెర్ట్స్ మీదే. హైదరాబాద్ 'ఏ' కేంద్రం తప్ప ఇంకోటి పెడితే ఊరుకునేది కాదు.

*

క్యూ షీట్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ కాగితం లేకపోతే రేడియో లేదు. ప్రతి టేపు డబ్బాతో పాటు ఒక క్యూ షీట్ వచ్చేది. పైన కార్యక్రమం పేరు, టేపు నంబరు, ప్రసారమయ్యే తేదీ, వేళ. కింద ఓపెనింగ్ అనౌన్స్‌మెంట్, అంటే అనౌన్సరు చదవాల్సిన నాలుగు ముక్కలు. తర్వాత టేపులో మొదటి మాట ఏమిటి, చివరి మాట ఏమిటి. చివరి మాట అంత ముఖ్యం ఎందుకంటే, అది వినపడగానే అనౌన్సరు చెయ్యి ఫేడర్ మీద, అంటే శబ్దం పెంచి తగ్గించే మీట మీద, ఉండాలి. ఆ కింద క్లోజింగ్ అనౌన్స్‌మెంట్, "ఇంతవరకు మీరు విన్నది" అంటూ మొదలయ్యేది. కుడి పక్కన డ్యూరేషన్.

అసలు లెక్కంతా ఆ డ్యూరేషన్‌లోనే ఉంది. పదిహేను నిమిషాల కార్యక్రమం అంటే మీరూ నేనూ అనుకునే పదిహేను కాదు, పద్నాలుగున్నరే. మిగతా అరనిమిషం ముందూ వెనకా అనౌన్సరు మాటలకి. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు పద్దెనిమిది నిమిషాలకి సరిపడా ప్రసంగం రాసుకొచ్చేవాళ్లు. పెక్స్ గారు చాలా మర్యాదగా, "సార్, ఈ పేరా మనం ఇంకో ప్రసంగంలో వాడుకుందాం" అనేవారు. ఆ ఇంకో ప్రసంగం ఎప్పుడూ ఉండేది కాదని నేను రెండో వారంలోనే కనిపెట్టాను.

ఈ లెక్క అత్తమ్మకి చెప్తే, "గింత సదువు సదివి గడియారం సూసుడు నేర్సుకుంటున్నవా?" అంది. నిజానికి అదే నేర్చుకున్నాను. అరనిమిషం ఎంత పొడుగో రేడియోలో పనిచేసినవాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం.

*

టేప్ లైబ్రరీలో ఒక పెద్దాయన ఉండేవారు. అందరూ ఆయన్ని భాయ్ అనేవాళ్లు, స్టేషన్ డైరెక్టర్‌తో సహా. పాతబస్తీ మనిషి. తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగించేవారు. ఆ కేంద్రానికి ఉర్దూ కొత్త కాదు లెండి. నిజాం కాలంలో 1935లో దక్కన్ రేడియో మొదలైనప్పుడు ప్రధానంగా ఉర్దూదే పెత్తనం. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. భాయ్ వాళ్ల నాన్న కూడా ఆ రోజులు చూసినవాడట. ఆ కథలు చెప్పమంటే మాత్రం "ఫుర్సత్ మే బేటీ" అని దాటేసేవారు.

నేను టేపు అడగడానికి పోతే ఆయన ప్రశ్న ఒకటే. "నయా కావాల్నా, బల్క్ చేసింది కావాల్నా?"

బల్క్ అంటే బల్క్ ఇరేజర్. ఇనప్పెట్టె లాంటి బరువైన యంత్రం. దాని మీద టేపు డబ్బా పెట్టి నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూ ఎత్తితే అందులో ఉన్నదంతా ఒక్కసారే చెరిగిపోతుంది. స్విచ్ వెయ్యగానే 'హుమ్' అని ఒక బొంగురు మోత గదంతా నిండేది, కాళ్ల కింద నేల కూడా అదిరేది. మొదటిసారి దగ్గరికెళ్లబోతే భాయ్ గట్టిగా అరిచారు. "గడియారం! గడియారం తీసెయ్ బేటీ!" ఆ అయస్కాంతానికి కీ ఇచ్చే చేతి గడియారాలు పాడైపోతాయి. నా చేతికున్నది నేను ఇంటర్ పాసైనప్పుడు మా నాన్న కొనిచ్చింది. తీసి కిటికీలో పెట్టాక గానీ ఆయన మళ్లీ స్విచ్ వెయ్యలేదు.

భాయ్ ఏ టేపునైనా చెరిపేముందు డబ్బా మీది కాగితం పైకి చదివేవారు. ఏ కార్యక్రమం, ఎవరి గొంతు, ఏ నెల. వినేవాళ్లు ఉన్నా లేకపోయినా చదివేవారు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కొత్త టేపు ఖరీదైన వస్తువు, ప్రసారమైపోయిన దాన్ని చెరిపి మళ్లీ వాడటం అప్పటి పద్ధతి. దాచాల్సినవాటిని ఆర్కైవ్స్ అని వేరే బీరువాలో పెట్టేవాళ్లు. ఆ బీరువా తాళంచెవి ఆయన బొడ్లో ఉండేది.

ఎడిటింగ్ నేర్పింది మాత్రం ఉర్దూ విభాగంలో ఒక మేడమ్. చేతికి గాజులుండేవి కావు ఆవిడకి, రెండు ముంజేతులూ బోసిగా ఉండేవి. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో టేపు తిరుగుతుంది. ఆపి, రెండు చక్రాలనీ రెండు చేతులతో ముందుకీ వెనక్కీ కదుపుతుంటే మనిషి గొంతు పులి మూలుగులా సాగి సాగి వినపడుతుంది. ఆ మూలుగులో మాట ఎక్కడ మొదలైందో చెవితో పట్టుకోవాలి. పట్టుకున్న చోట పసుపు మైనపు పెన్సిలుతో గీత. తర్వాత టేపుని ఒక అల్యూమినియం దిమ్మె మీద గాడిలో పెట్టి, అందులో ఏటవాలుగా ఉన్న సందులో బ్లేడుతో కొయ్యాలి. నిలువుగా కోస్తే అతుకు దగ్గర టప్‌మని చప్పుడొస్తుంది, అందుకని ఏటవాలు. అటు ముక్క, ఇటు ముక్క కలిపి పైన అతుకు టేపు. గోటితో రుద్దాలి. దాన్ని స్ప్లైస్ అనేవాళ్లు. ముందర తెల్లటి లీడర్ టేపు అతికిస్తే పని పూర్తి, అది ఎక్కడ మొదలెట్టాలో గుర్తు.

నేను మొదట దగ్గులు, 'అంటే', 'ఏమంటారూ' లాంటివన్నీ తీసేసి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడా తీసేస్తూ పోయాను. ఆవిడ ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నారు. వినడం అయ్యాక కింద రాలిన ముక్కల్లోంచి ఒకటి ఏరారు. గోరంత ముక్క. మెషిన్ తల మీద పెట్టి చేత్తో లాగారు. 'హా' అని ఒక శ్వాస.

"ఇది మళ్లీ పెట్టు," అన్నారు. "ఊపిరి కోస్తే మనిషి చచ్చిపోతాడు. వినేవాళ్లకి ఏం జరిగిందో తెలియదు కానీ, వాళ్లకీ ఊపిరాడదు."

ఆ ముక్క మళ్లీ అతికించడానికి నాకు మధ్యాహ్నం భోజనం దాటిపోయింది. కావలసిన ముక్కల్ని ఆవిడ మెడలో వేసుకునేవారు, వరస తప్పకుండా. మెడలో నాలుగు వాక్యాలు వేలాడుతుండగా కారిడార్లో నడిచి వెళ్లి టీ తాగి వచ్చేవారు.

*

పొద్దున ట్రాన్స్‌మిషన్ చూడాలని నేనే అడిగాను. అత్తమ్మ మామని లేపి తోడు పంపింది. చీకటితో వెళ్లాం. గేటు దగ్గర డ్యూటీ వాళ్లని దించిన వ్యాన్ ఇంజను ఇంకా వేడిగా ఉంది. మామని సెక్యూరిటీ దగ్గర కూర్చోబెట్టి నేను లోపలికెళ్లాను.

కంట్రోల్ రూమ్‌లో అంతా సైగలు. గాజు అవతల అనౌన్సర్ మేడమ్, ఇవతల ఇంజినీరు. చూపుడు వేలు నేరుగా చూపిస్తే మొదలుపెట్టు. రెండు చేతులూ రబ్బరు లాగినట్టు విడదీస్తే ఇంకా టైముంది, సాగదియ్యి. గాల్లో వేలు గుండ్రంగా తిప్పితే త్వరగా ముగించు. మెడ మీద అరచెయ్యి అడ్డంగా గీస్తే ఆపెయ్. శబ్దం ఎంత వస్తోందో చూపించే వీయూ మీటర్లో ముల్లు ఎర్ర గీత దాటితే ఇంజినీరు కనుబొమలు లేస్తాయి, అది కూడా సైగే.

వేళ కాగానే సిగ్నేచర్ ట్యూన్ మొదలైంది. తంబూరా మీద ఆ వయొలిన్. చిన్నప్పటి నుంచి దుప్పటి ముసుగులోంచి విన్నదాన్ని మొదటిసారి అది పుట్టే చోట నిలబడి విన్నాను. 1930లలో బొంబాయి రేడియోలో పనిచేసిన వాల్టర్ కౌఫ్‌మన్ అనే ఆయన కట్టిన బాణీ అది. యూరప్‌లో యూదులకి నిలవనీడ లేని కాలంలో ఇక్కడికొచ్చిన మనిషి. ఇదంతా తర్వాత ఎప్పుడో చదివాను. ఆ పొద్దున మాత్రం నా చూపంతా ఇంజినీరు వేళ్ల మీదే. ట్యూన్ చివర్లో ఫేడర్ని ఎంత మెల్లగా దించాడంటే, ఎప్పుడు ఆగిపోయిందో తెలియలేదు. ఫేడ్ అవుట్ అంటే అదని చూస్తేనే తెలిసింది.

తర్వాత వందేమాతరం, మంగళధ్వని, భక్తి గీతాలు. 6.55కి ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు. ఢిల్లీ నుంచి వచ్చేదాన్ని వాళ్లు 'ఆర్ఎన్' అనేవాళ్లు, ఉపగ్రహం మీద వచ్చే లైను. "ఆర్ఎన్ వచ్చిందా?", "ఆర్ఎన్ క్లియర్." మనది వేరే కేంద్రాలు కూడా అందుకుని వేస్తే హుకప్. విజయవాడ, విశాఖపట్నం, కడప వాళ్లు కూడా కలిశారంటే ఆ రోజు అనౌన్సర్ చీర కొంచెం మంచిది కట్టుకొచ్చేవారు. ఎవరికి కనపడుతుందని అడిగితే, "గొంతుకి కనపడుతుంది" అన్నారు.

ఆవిడ దగ్గరే 'టైమ్ ఇవ్వడం' చూశాను. "ఇప్పుడు సమయం ఆరు గంటల నలభై నిమిషాలు" అనడం గొప్ప కాదు. 'నిమిషాలు' అనే మాట పూర్తయ్యేసరికి సెకన్ల ముల్లు పన్నెండు మీద ఉండాలి. ఎన్ని అక్షరాలుంటాయో లెక్కేసి, అంత ముందుగా నోరు తెరిచేవారు. పన్నెండు గంటల యాభై తొమ్మిది నిమిషాలైతే ఇంకాస్త ముందు.

వాళ్లందరికీ భయం ఉన్న మాట ఒక్కటే, బ్లాంక్. గాల్లో ఏమీ లేకపోవడం. ఒక టేపుకీ ఇంకో టేపుకీ మధ్య కాస్త జాగా వస్తే ముప్పై సెకన్ల వీణ ముక్కో, వేణువు ముక్కో వేసేవాళ్లు. దాన్ని ఫిల్లర్ అంటారు. అనౌన్సర్ చేతి దగ్గర రెండు ఫిల్లర్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండాల్సిందే. వినేవాడికి అది మధురమైన వీణ. అక్కడ కూర్చున్నవాళ్లకి మాత్రం ఊపిరి పీల్చుకునే సందు.

బయటికొస్తే మామ సెక్యూరిటీ అతనితో కబుర్లాడుతూ మూడో చాయ్‌లో ఉన్నాడు.

*

నాటకాల సంగతి త్వరగా చెప్పేస్తాను, దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు నచ్చిన మాట 'ఆఫ్ మైక్'. పాత్ర దూరం నుంచి నడిచొస్తోందంటే నటుడు మైకుకి ఎడంగా నిలబడి మొదలుపెట్టి, మాట్లాడుతూ దగ్గరికి రావాలి. చెప్పులు బయట విప్పేసి, కార్పెట్టు మీద మెల్లగా, కాగితం చప్పుడు కాకుండా. స్క్రిప్టుకి గుండుసూది ఉండకూడదు, ప్రతి కాగితం విడిగా ఎత్తి పక్కన పెట్టాలి, తిప్పకూడదు. ఆడవాళ్లు గాజులు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకునేవాళ్లు. గంజి పెట్టిన చీర కట్టుకొస్తే ఇంజినీరు టాక్‌బ్యాక్‌లోంచి, అంటే గాజు అవతల నుంచి స్టూడియోలోకి మాట్లాడే మైకులోంచి, "అమ్మా, చీర మాట్లాడుతోంది" అనేవాడు.

ఉర్దూ మేడమ్ చేతులకి గాజులెందుకు లేవో నాకు అప్పుడు వెలిగింది.

*

నేనున్న రోజుల్లో నాకు బాగా నిలిచిపోయింది జనగామ వైపు నుంచి వచ్చిన దప్పు బృందం. జానపద సంగీతం రికార్డింగు. పెద్దమనిషి ఒకాయన, తెల్ల ధోవతి, నెత్తికి తువ్వాల. వెంట నలుగురు. కాంట్రాక్టు కాగితం మీద ఆయన వేలిముద్ర వేస్తుంటే డ్యూటీ ఆఫీసరు గారు గ్రేడుల గురించి చెప్పారు. ఆకాశవాణిలో కళాకారులకి ఆడిషన్ పెట్టి గ్రేడ్ ఇస్తారు. బీ, బీ హై, ఏ, అన్నిటికన్నా పైన టాప్.

"బీ హై అంటే పెద్దదా, సిన్నదా?" అన్నాడు పెద్దమనిషి.

"మధ్యలోది పెద్దాయనా. దాని పైన ఇంకా రెండున్నయి."

"గట్లనా. మా ఊర్ల పెండ్లయినా, పీనుగ లేసినా, పోచమ్మ బోనమెత్తినా నన్నే పిలుస్తరు. గదే నా గ్రేడు."

స్టూడియోలోకి వెళ్లి కూర్చున్నారు. మైకులు సర్దారు. ఇంజినీరు "లెవెల్ ఇవ్వండి" అన్నాడు. ఆయన దప్పు మీద ఒక దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు.

"లెవెల్ బాగానే వస్తోంది పెద్దాయనా, వాయించండి."

"నీ లెవలు నాకు తెల్వది సారూ. దప్పు పలుకుతలేదు. గీ సలికి మెత్తవడ్డది. కాగాలె."

ఏసీకి తోలు సడలిపోయింది. దప్పుని మంట మీద కాచి బిగించుకోవాలి. స్టూడియో బుకింగ్ ఆ పూటకే, గడియారం చూస్తే టైము పోతోంది. ఇంజినీరు నా వైపు చూశాడు, నేను పెక్స్ గారి వైపు. ఆయన రెండు క్షణాలు ఆలోచించి, "పద, బయటికి" అన్నారు.

క్యాంటీన్ వెనక ఖాళీ జాగాలో ఎండు కొమ్మలు పోగేశారు. అంటుకోవడానికి కాగితాలు కావాలి. డ్యూటీ రూమ్ నుంచి పనికిరాని పాత క్యూ షీట్లు ఒక కట్ట తెచ్చాను. ఎన్ని ఓపెనింగులు, ఎన్ని క్లోజింగులు కాలిపోయాయో. ఐదు దప్పులూ మంట చుట్టూ తిరగేసి పట్టుకుని, మధ్యమధ్య వేలితో మీటి చూస్తూ ఉన్నారు. మొదట 'బొద్' అన్నది, కాసేపటికి 'టంగ్' అంది. పెద్దమనిషి మొహం వెలిగింది. ఇంజినీరు కూడా పక్కనే గొంతుక్కూర్చుని ఒకొక్కటీ అడుగుతున్నాడు. కుడిచేతి లావు పుల్ల సిర్ర, ఎడమచేతి సన్నది సిటికెన పుల్ల. ఒక్కో వరస ఒక్కో దరువు. దరువు మార్చాలంటే పెద్దమనిషి మెడ ఒకసారి ఇలా విదిలిస్తాడు, మిగతా నలుగురూ మారుస్తారు.

"మీక్కూడా సైగలున్నాయన్నమాట," అన్నాడు ఇంజినీరు.

"నోట్లె చెప్తే ఇనవడ్తదా సారూ, గింత మోతల?"

మళ్లీ స్టూడియోలోకి వెళ్లి మొదటి దెబ్బ వెయ్యగానే మీటర్లో ముల్లు ఎర్రలో పడి అక్కడే కొట్టుకుంది. మైకుల్ని వెనక్కి జరిపారు, ఇంకా వెనక్కి, చివరికి గోడ దాకా. గాజు అవతల మేం నిలబడే విన్నాం. కుర్చీలున్నాయి, ఎవరూ కూర్చోలేదు.

ఆ తర్వాత ఆ ఇంజినీరు ఏ కళాకారుడొచ్చినా టాక్‌బ్యాక్ నొక్కి "కాగిందా?" అని అడగడం మొదలుపెట్టాడు. కర్ణాటక సంగీత విద్వాంసులు బిత్తరపోయేవాళ్లు.

*

కోర్సు అయ్యాక నేను రేడియోలో స్థిరపడలేదు. కొన్నాళ్లు పత్రిక, ఆ తర్వాత కాలేజీలో పాఠాలు. స్పూల్ టేపులు పోయి హార్డ్ డిస్కులొచ్చాయి. భాయ్ రిటైరయ్యారని ఎవరో చెప్పారు, ఆ బీరువా తాళంచెవి ఎవరికిచ్చారో తెలియదు. మా అన్నయ్య కూతురు ఈమధ్య గచ్చిబౌలిలో ఇంటర్న్‌గా చేరింది. అన్నం తినమంటే "బ్యాండ్‌విడ్త్ లేదత్తా" అంటుంది, తీరిక లేదని అర్థమట. మా రోజుల్లో అది ట్రాన్స్‌మిటర్ దగ్గర ఇంజినీర్ల మాట. దాంతో అన్నం మానెయ్యొచ్చని మాకు తట్టలేదు.

నేను నేర్చుకున్న మాటలు నాకన్నా ఎక్కువగా వాడుకున్నది మా అత్తమ్మ. ఆ వేసవంతా నా నోట్‌బుక్కు విని విని ఆమెకి అన్నీ వచ్చేశాయి. కూరలో ఉప్పు చూడమని నాకు గరిటె ఇస్తూ "లెవలియ్యి" అనేది. ఇంట్లో ఎవరూ మాట్లాడకుండా కూర్చుంటే "ఏంది, బ్లాంకొచ్చిందా?" అనేది. మామకి మాత్రం ఆమె దగ్గర వేరే లెక్క. ఆయన వచ్చినవాళ్లని కూర్చోబెట్టి రజాకార్ల కాలం నుంచి మొదలుపెడితే, ఆ కథకి ఏ ఎఫ్‌పీసీ సరిపోదు. వచ్చినవాళ్లు చెప్పుల వైపు చూస్తుంటే వంటింటి గుమ్మంలోంచి అత్తమ్మ, పిండి అంటిన వేలు గాల్లో గుండ్రంగా తిప్పేది. మామకి ఆ సైగ అర్థమయ్యేది, ఎందుకంటే నేనే నేర్పాను. అర్థమయ్యాక ఆయన రెండు చేతులూ విడదీసి, రబ్బరు లాగినట్టు లాగి చూపించి, కథ కొనసాగించేవాడు.